సముద్రతీరమున స్నానపుగది గోడలు

(ప్రకాశము జిల్లా కొత్తపట్నములో పంచాయతీ సభ్యుల యెదుట మా శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠము)



సమాచార శాఖవారు వచ్చినారనగానే ఏదో యొక పథకమును గూర్చి చెప్పి, కరపత్రములు పంచి పోవుదురని మీరు తలచుట సహజము. నేడు మేము తెచ్చిన విషయము అంతకంటె చిన్నది. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల స్నానపుగదిని బాగుచేయునపుడు గోడలకు లోపలి వైపున ఏమి వేయవలెను? పింగాణీ పలకలా, రాతి బండలా, సిమెంటు పూతయా, ఇప్పుడు అంగళ్ళలో వ్రేలాడుచున్న ప్లాస్టిక్ పలకలా? ఏది వేసినచో చెమ్మకు ఆగును? ఇంతే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చినదో మీకు తెలియును. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట మన పల్లెలలో ఇంటింట మరుగుదొడ్లు, వానిని ఆనుకొని అనేకచోట్ల స్నానపుగదులు లేచినవి. 2019 నవంబరు 14న ఇక్కడికి దాపుననే యున్న ఒంగోలులో 'మన బడి నాడు-నేడు' ప్రారంభమైనపుడు, బడులకు కల్పింపవలసిన వసతులలో నీటి సౌకర్యము గల మరుగుదొడ్లు ఒకటిగా చేర్చబడినవి. తొలుత కట్టిన కట్టడములకు ఇప్పుడు మరమ్మతుల ఈడు వచ్చినది. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు గ్రామ పంచాయతీలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతము త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు మాత్రమే వినియోగింపవలెనని 15వ ఆర్థిక సంఘము నియమము పెట్టెను. కట్టుటయే గాక కట్టినదానిని నిలుపుకొనుట కూడ అందులో భాగమే. కావున ఏ గోడకు ఏమి వేయవలెనను తీర్మానము నేడు మీ బల్లమీదికే వచ్చుచున్నది.

మేము ఈ తీరమున తిరుగుచున్నపుడు ఒక ఊరిలో సామూహిక స్నానపుగదులను చూచితిమి. ఊరి పేరు చెప్పుట న్యాయము కాదు. గోడలకు నిలువెత్తున తెల్లని పింగాణీ పలకలు అతికించిరి. ప్రారంభోత్సవము నాటికి గది అద్దమువలె మెరసినదట. రెండు వానకాలములు గడచుసరికి క్రింది వరుసల పలకలు ఉబ్బి, ఒకటి తరువాత ఒకటి ఊడి పడినవి. పగిలిన అంచు తగిలి ఒక బిడ్డ పాదము కోసికొనిపోయినది. ఆ మీదట తలుపునకు తాళము పడినది. ఆ వీధి స్త్రీలు మరల పూర్వమువలెనే చీకటితో లేచి, పెరటిలో తాటాకు దడి చాటున స్నానము చేయుచున్నారు. బాలింతలకు ఆ చాటు కూడ గాలికి నిలువదు. గది కొరకు పెట్టిన సొమ్ము పోయినదని సభ్యులు విచారించిరి. సొమ్ము మరల తెచ్చుకొనవచ్చును. ఒకమారు నమ్మి వచ్చి, మరల దడి చాటునకు పోయిన స్త్రీ రెండవమారు పంచాయతీ మాట నమ్మి వచ్చుట అంత సులభము కాదు.

అక్కడ పలకలు ఎన్నుకొనుటలో లోపము లేదు. పలకలు మేలైనవే. తాపీ మేస్త్రీ చేతివాటము కూడ మంచిదే. ఆయనకు కడపటి కిస్తు ఆపివేసిరి గాని, తప్పు ఆయనది కాదని మా అభిప్రాయము. పలకల వెనుకనున్న గోడ ఎన్నడును ఆరలేదు. తడిగోడకు, అందులోను ఉప్పుపట్టిన గోడకు, ఏమి కప్పినను నిలువదు. నేటి ప్రసంగములో మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే. ఈ తీరమున పైపూతను ఎన్నుకొనుట రెండవ పని. గోడలోని నీటిని, ఉప్పును వదలించుట మొదటి పని.

ఉప్పు గోడను ఎట్లు చెరచునో మీకు వేరుగ బోధింప నక్కర లేదు. చినగంజాము ఉప్పుమడులను మీరందరు చూచినవారే. మడిలోనికి సముద్రపు నీరు పెట్టుదురు. ఎండకు, గాలికి నీరు ఆవిరియై పోవును. ఉప్పు మిగులును. మన స్నానపుగది గోడలోను సరిగా అదియే జరుగుచున్నది. నేలలోని తేమ పునాది ఇటుకలను పట్టుకొని, దీపపు వత్తిని నూనె ఎగబ్రాకినట్లు పైకి ఎగబ్రాకును. ఆ తేమలో ఉప్పు కరగియుండును. గోడపైకి వచ్చి తేమ ఆరిపోయినపుడు ఉప్పు అక్కడనే మిగిలి పలుకులు కట్టును. మేస్త్రీలు 'గోడ ఉప్పు పూసినది' అందురు. పైన తెల్లగా పూసినంతవరకు ప్రమాదము స్వల్పము, చీపురుతో దులిపిన పోవును. కాని పైన నీటిని ఆపు గట్టి పూతయో, పలకయో ఉన్నచో, తేమ ఆరుటకు దారిలేక ఆ పూత వెనుకనే సందులలో ఆరును. ఉప్పు పలుకులు అక్కడ పెరుగును. ఇటుకలోని సన్నని రంధ్రములలో పలుకు పెరిగిన వేళ దాని వత్తిడికి ఇటుక పొడియగును, పూత పెచ్చులూడును, పలక బయటికి నెట్టబడును. మడిలో రైతు ఉప్పును ప్రోగుచేసి ఎత్తివేయును. గోడలో ఎత్తువారు లేరు. ఏటికేడు ప్రోగగుచుండును.

ఇందువలన మరియొక వింత కూడ జరుగును. నాలుగడుగుల ఎత్తు వరకు పలకలు వేసి ఆపినచో, క్రింద ఆరలేని తేమ ఆ నాలుగడుగులు దాటి పైకి పోవును. పూర్వము రెండడుగుల ఎత్తున నున్న చెమ్మ మరక ఇప్పుడు ఐదడుగుల ఎత్తున కనబడును. 'పలకలు వేసిన తరువాతనే చెమ్మ ఎక్కువైనది' అని ఇంటివారు వాపోవుదురు. వారి మాట నిజమే.

కావున డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు, గోడలోనికి నీరు ఎటునుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. దీనికి యంత్రములు అక్కరలేదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితమును గోడకు ఆనించి, నాలుగు అంచులను గాలి చొరకుండ అంటుపట్టీతో మూసి, ఒకటి రెండు దినములు ఉంచవలెను. ఆ దినములలో ఆ గదిని వాడరాదు. తరువాత తీసి చూచినపుడు కాగితమునకు గోడవైపున నీటిబిందువులున్నచో తేమ గోడలోనుండి వచ్చుచున్నదన్నమాట. గదివైపున మాత్రమే తడి యున్నచో గోడ మంచిదే, గదిలోని ఆవిరి పోవుటకు దారి లేదు. ఈ రెండవ వ్యాధికి మందు పలకలు కావు, కిటికీ. జాతీయ భవన నియమావళి స్నానపుగదికి 0.37 చదరపు మీటరుకు తగ్గని వెలుగు-గాలి మార్గము ఉండవలెనని చెప్పుచున్నది. అనగా ఇంచుమించు రెండడుగుల చదరము. మన ఊళ్ళలో చాటు పోవునను భయముతో జానెడు కన్నము వదలి ఊరకుందురు. కిటికీని తలయెత్తునకు పైగా పెట్టి వాలుపలకలు బిగించినచో చాటునకు లోటు రాదు, గాలి యాడును.

తేమ గోడలోనుండియే వచ్చుచున్నదని తేలినచో మూడు చోట్ల వెదకవలెను. మొదటిది గోడలో దాగిన గొట్టము. కుళాయిలన్నియు కట్టివేసి, గొట్టములలో నీరు నిండియుండగా మరక పెరుగునేమో చూడవలెను. రెండవది వెలుపలి నేల. గోడ ప్రక్కన మట్టియో, ఇసుకయో పోసి బేసుమట్టమును మించి పెంచినచో అదియే కారణము. మట్టి తీసివేసి గోడ వెంట రెండడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయించినచో సగము జబ్బు తగ్గును. మూడవది పునాది. బేసుమట్టమున చెమ్మను ఆపు పొర లేకుండ కట్టిన గోడలు మన పల్లెలలో కొల్లలు. క్రొత్తగా కట్టునపుడు ఈ పొర వేయుట అతి చౌక. కట్టిన గోడకు తరువాత వేయుట కష్టము. కొంచెము కొంచెముగా ఇటుకలు తీయుచు వేయవచ్చును గాని, దానిని ఇంజనీరు దగ్గరనుండి చేయింపవలసినదే.

ఇక్కడ ఒక మాట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 19వ శతాబ్దమున బ్రిటనులో చెమ్మ పైకెక్కకుండ గోడల పునాదులపై పలకరాతిని రెండు వరుసలుగా సిమెంటులో పరచి కట్టెడివారు. పలకరాయి నీటిని పీల్చదు. ఆ జాతి రాయి మన మార్కాపురమున దొరకునదే. ఎన్ని తరముల పిల్లలో ఓనమాలు దిద్దిన ఆ రాతికి ఇట్టి ఉపయోగము కూడ కలదని మనలో చాలమందికి తట్టదు.

ఇక ఇసుక, నీరు. ఈ ఊరిలో మేము ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదియే. సముద్రపు నీటిలో లీటరునకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు ఉండును. 15 లీటర్ల బిందెలో అర కిలోకు మించిన ఉప్పన్నమాట. బీచి ఇసుకను బండ్లతో తెచ్చి గోడపూతలో కలిపినచో మనచేతులతోనే ఉప్పును గోడలో విత్తినట్లగును. తరువాత ఎంత ఖరీదైన పలక వేసినను ఆ పంట పండక మానదు. బోరునీరు ఉప్పగానున్న చోట ఇటుకలు నానబెట్టుట, పూత కలుపుట, పూతను తడుపుట అన్నియు ఆ నీటితోనే సాగుచున్నవి. కాంక్రీటు పనికి సంబంధించిన భారతీయ ప్రమాణము, ఐ.ఎస్. 456, ఇనుము గల కాంక్రీటులో వాడు నీటిలో క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదని, ఇనుము లేనిదానికైనను 2000 మిల్లీగ్రాములు మించరాదని చెప్పుచున్నది. మీ బోరునీటిని ఒక సీసాతో గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపినచో ఈ అంకె తెలియును. త్రాగుటకు పనికిరాని నీరు గోడకును పనికిరాదని లెక్కపెట్టుకొనుట మేలు. ఇసుక విషయములో బేరమాడరాదు. నదీ ఇసుకయే కావలెను, అదియు ఏటిముఖమున సముద్రపు పోటు తగులు చోటినుండి తెచ్చినది కారాదు. ఇసుక కొంచెము దూరమునుండి వచ్చినచో బాడుగ పెరుగును. ఆ బాడుగకు వెరచి మూడేండ్లకొకమారు పలకలు మార్చుట ఏ లెక్కలోను లాభము కాదు.

ఇప్పటికే ఉప్పుపట్టిన గోడయున్నచో ఏమి చేయవలెను? కనబడు మరకకు ఒక అడుగు పైవరకు పాత పూతను ఇటుక కనబడునట్లు కొట్టివేయవలెను. ఇటుకల నడుమ పొడిబారిన సున్నమునో, సిమెంటునో అర అంగుళము లోతున గీకివేయవలెను. ఉప్పును పొడి కుంచెతో దులిపి, క్రింద పడినదానిని ఎత్తి దూరముగా పారవేయవలెను. నీటితో కడుగరాదు. కడిగినచో కరగి మరల ఇటుకలోనికే పోవును. పిమ్మట సున్నము, మంచి ఇసుక కలిపిన మెత్తని పూతను పలుచగా వేసి ఆరనీయవలెను. ఇది ఉంచుకొనుటకు వేసిన పూత కాదు, ఉప్పును పీల్చుటకు వేసినది. అది ఉప్పు పూసిన తరువాత దానిని కూడ కొట్టివేయవలెను. ఉప్పు ఎక్కువైనచోట రెండుమారులు చేయవలసియుండును. ఆ తరువాత గోడను వారముల తరబడి ఆరనీయవలెను. మన తీరమున అక్టోబరు, నవంబరులలో వానలు హెచ్చు. కావున ఈ పనిని సంక్రాంతి దాటిన తరువాత ఆరంభించి వేసవిలో ముగించుట యుక్తము. ఆర్థిక సంవత్సరము మార్చి 31న ముగియుననియు, అంతలోపల నిధులు ఖర్చు పెట్టవలెననియు తొందరపడి తడిగోడకు పలకలు అతికించుట మనము కొన్నిచోట్ల చూచుచున్నాము. గోడకు ఆర్థిక సంవత్సరము తెలియదు. తీర్మానమును దసరానాటికే చేసి యుంచుకొన్నచో ఈ తొందర రాదు.

గోడ ఆరినది. ప్లాస్టిక్ కాగితము పరీక్షలో బిందువు కనబడలేదు. ఇప్పుడు పైపూత మాట.

పూర్వము మన పెద్దలు డంగుసున్నము వాడిరి. గానుగలో నూరిన సున్నమునకు కరక్కాయ, బెల్లపు నీరు చేర్చి, నునుపుగా రుద్ది, రోజుల తరబడి మెరుగుపెట్టెడివారు. ఇటుకపొడిని, అనగా సుర్కీని, సున్నముతో కలిపినచో నీటిలో కూడ గట్టిపడును. రోమునగరవాసులు తమ నీటితొట్లకు, స్నానశాలలకు పెంకుపొడి కలిపిన సున్నమునే వాడిరి. మొరాకో దేశమున మర్రాకేషు పరిసరముల స్నానశాలలలో సున్నపు పూతను గుండ్రాతితో నూరి, సబ్బుతో మెరుగుపెట్టు పద్ధతి నేటికిని కలదు. దానిని తాదెలక్తు అందురు. మన గోలకొండ చెంతనే కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో 16వ శతాబ్దపు హమాము నిలిచియున్నది. ఈ సున్నపు పూతలలోని సుగుణమేమనగా, పైనుండి పడిన నీటిని త్వరగా లోనికి రానీయవు, గోడలోని ఆవిరిని మెల్లగా బయటికి పోనిచ్చును. గోడకు ఊపిరి యుండును. అయితే డంగుసున్నము పని తెలిసిన చేతులు నేడు అరుదు, పనికి పట్టు దినములు ఎక్కువ. పాత మిద్దెయింటివారు, పునాదిలో చెమ్మపొర వేయుట సాధ్యము కానివారు, పని తెలిసిన మేస్త్రీ దొరకినచో తప్పక ఈ మార్గమునే పట్టవలెనని మా సలహా. దొరకనిచో ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్ళు ఇసుక కలిపిన పూత నడిమి దారి.

వట్టి సిమెంటు పూత పేదవాని స్నానపుగదికి చాలకపోదు. పునాదిలో చెమ్మ లేనపుడు ఒకటికి మూడు పాళ్ళ పూతను నీటినాపు ద్రవము కలిపి వేసి, నునుపు చేసి, కనీసము ఏడు దినములు తడిపినచో చాలకాలము నిలుచును. ఆ ద్రవము కొనునపుడు డబ్బాపై ఐ.ఎస్. 2645 అను గుర్తు చూడవలెను, డబ్బాపై వ్రాసిన పాలునే వేయవలెను. ఎక్కువ వేసినచో ఎక్కువ మేలు జరుగునని కొందరు మేస్త్రీల నమ్మకము. అది ఔషధమువంటిది, కూరలో ఉప్పువంటిది కాదు. పూతపై నూనె రంగు వేయువారున్నారు. తేమగోడపై నూనె రంగు బొబ్బలెక్కును. ఆరిన గోడపైననే దానికి స్థానము.

పింగాణీ పలకల విషయములో అంగడి కాంతిని చూచి మోసపోరాదు. విద్యుద్దీపముల క్రింద ఏ పలకయైనను ముత్యమువలె మెరయును. పలకను తిరగవేసి వెనుకవైపున ఒక నీటిచుక్క వేసి చూడుడు. చుక్క వెంటనే ఇంకినచో అది నీరు పీల్చు జాతి. సామాన్యముగా గోడకు వాడు పింగాణీ పలకలు తమ బరువులో 10 శాతమునకు మించి నీటిని పీల్చగలవు. విట్రిఫైడు పలకలనబడునవి అర శాతమునకు మించి పీల్చవు. ఉప్పుగాలి తగులు ఊరిలో రెండవ జాతి మేలు. కాని అవి సిమెంటును కూడ పీల్చవు గనుక వట్టి సిమెంటు ముద్దతో అతుకవు, ఐ.ఎస్. 15477 గుర్తు గల అంటుపొడిని వాడవలెను. మొదటి జాతి పలకలను సిమెంటుతో అతికించునపుడు నీటిలో నానవేసి, పైతడి తుడిచి వాడుట ఆచారము. ఆ నీరు ఉప్పునీరు కారాదని మరల చెప్పుచున్నాము.

పలక నీటిని ఆపును గాని పలకల నడుమ సందు ఆపదు. తెల్లసిమెంటుతో నింపిన సందులలో నుండి నీరు లోనికి పోవుచునే యుండును. కావున పలకలకు వెనుకనే ఒక పొర కావలెను. పూత ఆరిన తరువాత సిమెంటు, పాలిమరు కలిపిన జారుపూతను రెండు వరుసలు, రెండవదానిని మొదటిదానికి అడ్డముగా, వేయవలెను. నేల అంతయు, నాలుగు గోడలకు అడుగెత్తు, నీళ్ళు పోసికొను వైపున ఆరడుగుల ఎత్తు దీనికి కావలసిన మేర. నేలకును గోడకును నడుమనున్న మూలను గుండ్రముగా మలచిన తరువాతనే ఈ పూత వేయవలెను, పగులు పుట్టునది ఆ మూలలోనే. ఈ పొర కనబడదు, దీనికి ప్రారంభోత్సవము లేదు. అందుచేతనే అంచనాలలో మొదట కోతపడునది ఇదియే. 'పైన పటారము, లోన లొటారము' అను సామెత ఈ గదుల కొరకే పుట్టినట్లున్నది.

ఎంత కావలెనో లెక్క చూతము. మనము చెప్పుకొన్న గదికి నాలుగు గోడల చుట్టుకొలత 18 అడుగులు. రెండున్నర అడుగుల తలుపు పోగా పదిహేనున్నర. ఆరడుగుల ఎత్తున పలకలు వేసినచో 93 చదరపు అడుగులు, నాలుగడుగులైనచో 62. మూడవ వంతు ఆదా. సొమ్ము చాలనపుడు మూడు గోడలకు నాలుగడుగులు వేసి, నీళ్ళు పడు గోడకు మాత్రము ఆరడుగులు వేయవచ్చును. లోపలి జారుపూతను మాత్రము తగ్గింపరాదు.

బడులు, సామూహిక స్నానపుగదులు మొదలగు పదిమంది వాడు చోట్ల మా మొగ్గు రాతివైపు. బక్కెట్లు తగిలినను పగులదు, సందులు తక్కువ. మనకు చీమకుర్తి దాపుననే యున్నది. అక్కడి నల్లని గెలాక్సీ గ్రానైటు విదేశములకు ఓడలెక్కి పోవుచుండగా మనము దూరపు ఊళ్ళనుండి పలకలు తెప్పించుకొనుట కొంత విచిత్రమే. పెద్ద బండలు కోయగా మిగిలిన ముక్కలు స్నానపుగదికి చాలును. వానికై విచారించి ధర తెలిసికొనుడు. గ్రానైటు బరువైనది. ఎత్తున వేసిన బండలను తుప్పుపట్టని ఉక్కు కొక్కెములతో గోడకు పట్టించవలెను. ఇనుప కొక్కెములు ఈ గాలికి తుప్పుపట్టి ఉబ్బి బండనే నెట్టివేయును. కడపబండ, నాపరాయి చౌక, అందుబాటు. కాని అవి సున్నపురాతి జాతివి. మరుగుదొడ్డి శుభ్రము చేయు ఆమ్లము తగిలినచో పొంగి, మెరుగు చెడి, గరుకుబారును. వానిని వేసినచోట ఆమ్లపు సీసాను లోనికి రానీయరాదు, సబ్బునీరు చాలును.

ఇప్పుడు అంగళ్ళలో పలురకముల పలకలు 'తేమనిరోధకము' అను పేరుతో అమ్ముచున్నారు. ఈ మాటను జాగ్రత్తగా చదువవలెను. తేమకు ఓర్చునది వేరు, నీటికి ఓర్చునది వేరు. జిప్సము పలకలలో ఆకుపచ్చ కాగితము గలవి తేమగాలికి ఓర్చునట్లు చేసినవి. కాని జిప్సము స్వభావముచేత నీటిలో లీటరునకు ఇంచుమించు రెండు గ్రాములు కరగును. నీళ్ళు పడు గోడకు దానిని పెట్టరాదు. ప్లైవుడ్డులో ఐ.ఎస్. 303 క్రింద తేమకు ఓర్చు రకము గదిలోని బల్లలకు, అలమరలకు తగును. స్నానపుగదిలో చెక్క తప్పనిసరియైనచో ఐ.ఎస్. 710 గుర్తు గల ఓడచెక్క రకమే కావలెను, అదియు అంచులు మూసి. నారసిమెంటు పలకలు, ఐ.ఎస్. 14862 గుర్తు గలవి, తడికి చెడవు. పలుచని గోడ పెట్టవలసినచోట అవి అనుకూలము. పాత ఆస్‌బెస్టాసు రేకులు ఇంటనున్నవి గదా యని కోసి గోడకు కొట్టరాదు. వాని దుమ్ము పీల్చిన కాన్సరు కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. ప్లాస్టిక్ పలకలు నీటిని పీల్చవు, ఒక్క దినములో బిగింపవచ్చును, చూపునకు బాగుండును. చెమ్మగోడను కప్పిపెట్టుటకు వానిని వాడినచో వెనుక బూజు, పురుగు, ఒక్కొక్కచోట తేలు కాపురముండును. ఆరిన గోడకు, అద్దె ఇంటికి సరే. పంచాయతీ సొమ్ముతో వేయదగినవి కావని మా అభిప్రాయము.

పడమటి నల్లరేగడి గ్రామములనుండి వచ్చినవారికి ఒక్క మాట. మీ మిరప, ప్రత్తి చేల నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. గోడ కదలును. మీకు ఉప్పుకంటె పగులు పెద్ద శత్రువు. గోడలో పగులున్నంతవరకు దానిపై పెద్ద పలకలు వేయకుడు, పునాది సంగతి ఇంజనీరుకు చూపుడు.

తడిగోడ వలన మరియొక భయము గలదు. దానిని చివరకు చెప్పుచున్నాము గాని మొదట చెప్పవలసినదే. నీళ్ళు కాచు విద్యుత్పరికరములు పల్లెయిండ్లలో పెరిగినవి. ఉప్పుపట్టిన తడిగోడలో తీగ తొడుగు దెబ్బతిన్నచో గోడయే విద్యుత్తును మోయును. తడికాళ్ళతో నిలుచున్న మనిషి చేయి ఆ గోడకు తగిలినచో ప్రాణాపాయము. గోడ విప్పిన సమయముననే పాత తీగలు తీయించి, భూమితీగ కలిపించి, 30 మిల్లీ ఆంపియర్లకే విద్యుత్తును తెంపివేయు రక్షణ స్విచ్చిని పెట్టించవలెను. తొట్టిలోని నీటిలో ముంచి కాచు కడ్డీలను స్నానపుగదిలో వాడరాదు.

తీర్మానము వ్రాయునపుడు 'స్నానపుగదులకు టైల్సు వేయించుటకు' అని యొక పంక్తి వ్రాసి సంతకములు చేయకుడు. పాత పూత తీయుట, ఆరనిచ్చుట, జారుపూత, పలకలు అను నాలుగు పనులను వేరువేరుగా వ్రాయించి, ఒక్కొక్కదాని కొలతలను పంచాయతీ రాజ్ ఇంజనీరుచే వేయించుడు. జారుపూత ఆరిన పిదప గదినుండి నీరు పోవు రంధ్రమును మూసి, నేలపై రెండంగుళముల నీటిని రెండు దినములు నిలిపి, వెలుపలి గోడపై చెమ్మ కనబడునేమో సభ్యులు స్వయముగా చూడవలెను. చూచిన తరువాతనే పలకలకు అనుమతి. పలకలు వేసిన వారమునకు ఒక్కొక్క పలకను నాణెముతో తట్టి వినుడు. గట్టిపలుకు పలికినచో అతికినది, డొల్లగా మ్రోగినచో వెనుక ఖాళీ యున్నది. డొల్లపలికిన దానిని మార్చిన పిమ్మటనే బిల్లు. ఇట్లు దశలవారీగా చెల్లించినచో మేస్త్రీకి కూడ మేలు. తన పని తనదిగా, గోడ దోషము గోడదిగా తేలును.

పంచాయతీ స్థానములలో సగమునకు తగ్గకుండ మహిళలవి. ఈ గదుల విషయములో వారి మాట కడపట కాదు, మొదట వినవలెను. బట్టలు తగిలించు కొక్కెమెక్కడ, బాలింత కూర్చుండు తిన్నె ఎంత ఎత్తు, కిటికీ ఎటు వైపు అని గోడకు పూత వేయకమునుపే అడుగవలెను. పలకలు అతికిన తరువాత కొక్కెమునకై గోడను తొలిచినచో, మనము ఇంతసేపు చెప్పుకొన్న పొరకు రంధ్రము పడినట్లే.

నిన్న ఉదయము సర్పంచిగారి అనుమతితో ఈ కార్యాలయపు వెనుకనున్న స్నానపుగదిలో, నేలకు అడుగెత్తున ఒకటి, నాలుగడుగుల ఎత్తున ఒకటి, రెండు ప్లాస్టిక్ కాగితములు అంటించితిమి. నిన్నటి నుండి ఆ గదికి తాళము వేసియున్నది. ఇప్పుడందరము అక్కడికి పోయి, వానిని తీసి చూతము. క్రిందిదానిని సర్పంచిగారు, పైదానిని మోటుమాల నుండి వచ్చిన సోదరి తీయవలెనని కోరుచున్నాము.